తువ్వాలు మీద నీలం గీత

విరిగి అతుక్కున్న కుడిచేత్తో, ఆదోని డాక్టరు చెప్పినట్టు రబ్బరు బంతి నొక్కడం మొదలుపెట్టి మూడు నెలలైంది. వేళ్లు మాత్రం ఇంకా సగమే ముడుచుకుంటున్నాయి. ఇందాక విసుగెత్తి బంతిని మంచం కిందికి విసిరేశాను. చెమట తుడుచుకోబోతే పాత తువ్వాలు మీద నీలం గీత కనిపించింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఎమ్మిగనూరులో అమ్మ మగ్గం నేసేది, నేను కండెలకు నూలు చుట్టేదాన్ని. ఎన్ని కండెలు చుట్టినా అమ్మ ముందు కనిపించేది జానెడు బట్టే! నాకు ఒళ్లు మండింది.

"పొద్దున్నించి నేస్తానే ఉండావు. నూలంతా యాడికి పోతాందమ్మా?"

"నా ఒళ్లోకి పోతాందిలే, కండె తే," అంది.

ఎగతాళి చేస్తోందనుకున్నాను. ఆమె నీళ్లు తాగడానికి లేచినప్పుడు బట్ట మీద బాల్‌పెన్నుతో గీత గీశాను. సాయంత్రానికి గీత మాయమైంది. జానెడు బట్ట అలాగే ఉంది.

నాలుగోరోజు అమ్మ తన ఒడి దగ్గరున్న దుంగకు చుట్టుకున్న బట్టంతా విప్పింది. మూరలకొద్దీ బట్ట. ఎక్కడో లోపల నా గీత.

"పాపిష్టిదానా, దీన్ని ఎవురు కొంటారే?" అని వీపు మీద ఒకటిచ్చింది. అట్లా ఆ తువ్వాలు మా ఇంట్లోనే మిగిలిపోయింది.

చీపురు పెట్టి మంచం కింది బంతిని బయటికి లాగాను. ఈ చేతి మీద గీత ఎక్కడ గీయాలో మాత్రం తెలియడం లేదు.