ముకుందం మాస్టారి వంకర కుండలు

ముకుందం మాస్టారి ఇంట్లో ఫోటో దిగకుండా ఏ వస్తువూ వంటింటి గడప దాటేది కాదు. వంకాయైనా సరే, కందిపప్పైనా సరే, ముందుగదిలో కిటికీ పక్కనున్న బల్లమీద కూర్చుని, వెలుతురు వచ్చేదాకా ఓపికపట్టి, ఫోటో దిగి, ఆ తర్వాతే లోపలికి పోవాలి. కొండకు పోయే భక్తులు కూడా క్యూలో అంతసేపు నిలబడరని ఆయన భార్య కుముదవల్లి అనేది.

మాస్టారు తిరుపతిలో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పిల్లవాడు గీసిన గీత నూలుపోగంత వంకరపోయినా స్కేలుతో వాడి వేళ్లకు ఆ సంగతి తెలియజేసిన మనిషి. రిటైరైన నెలకు ఫోన్‌లో ఒక వీడియో చూశారు. ఇంట్లోనే, బల్లమీదే, వస్తువుల ఫోటోలు తీయడం ఎలాగో అందులో నేర్పుతారు. ఒక కిటికీ, ఒక బల్ల, ఒక తెల్ల అట్ట ఉంటే చాలన్నారు. భార్య సహనం కూడా కావాలన్న సంగతి మాత్రం చెప్పలేదు.

టీవీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ అట్ట, వెలుతురును నీడ మీదికి తిప్పడానికి పనికొచ్చింది. ఎండ సూటిగా పడకుండా కిటికీకి ఆయన తెల్లపంచె వేలాడింది. వెనక తెరగా కుముదవల్లి నేరేడుపండు రంగు పట్టుచీర నిలబడింది. ఎదురింటి పంకజాక్షి ఆ పంచెను చూసినప్పుడల్లా, "ఏమ్మా, మీ దండెం ఇంకా కట్టలేదా?" అని అడిగేది.

వంకాయ తాజాగా కనబడాలని ఆయన నీళ్లు చిలకరించి చిలకరించి దానికి జలుబు చేయించేవారు. కాఫీ ఆవిరి ఫోటోలో కనబడాలని గ్లాసు వెనక సాంబ్రాణి పొగ వేసేవారు. ఏడాదిగా ఆ ఇంటి కాఫీ గర్భగుడి వాసన కొడుతోంది.

"ఏమండీ, కాఫీ చల్లారిపోతాంది!"

"ఆగు కుముదా, వెలుతురు!"

ఆ ఇంట్లో అన్ని ప్రశ్నలకూ ఆ ఒక్కటే జవాబు.

అసలు తగవు నైవేద్యం దగ్గర వచ్చింది. వండినదాన్ని ముందు పెరుమాళ్లు చూడాలి, తర్వాతే మనుషులు. మాస్టారేమో చక్రపొంగలిని ముందు కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

"పెరుమాళ్లకు ఆరగింపు కాకముందే మీ కెమెరా చూస్తే ఎట్లండీ? ఎంగిలి కాదా?"

"కెమెరాకు నోరు లేదు కదే!"

"ఇద్దరికీ సరిపడే నోరు మీకుండాది కదా!"

చివరికి రాజీ కుదిరింది. గిన్నె మీద మూత ఉన్నంతవరకు ఎన్ని ఫోటోలైనా తీసుకోవచ్చు. మాస్టారు ఆరునెలలపాటు మూతలనే ఫోటోలు తీశారు. ఆయన చేరిన ఫోటోల గ్రూపులో ఒకాయన, "సూపర్ సార్, లోపలేముంది?" అని రాశాడు. ఆ ఆరునెలల్లో వచ్చిన ప్రశంస అదొక్కటే.

ఇవన్నీ కుముదవల్లి భరించింది. భరించలేనివి కుండలు.

మాఘమాసం నుంచీ మాస్టారు ప్రతి శనివారం తిరుచానూరు పోయి, కుమ్మరి మునెమ్మ దగ్గర ఒక కుండ కొనుక్కొచ్చేవారు. అదీ వంకర కుండ. కాస్త నున్నగా కనబడినవి పక్కకు నెట్టి, మెడ వాల్చిందో, పొట్ట జారిందో ఒకదాన్ని ఏరుకుని, చంకనెత్తుకుని బస్సెక్కేవారు. అదేమంటే, "వెలుతురు ఆడేది వంకరలోనే కదే!" అనేవారు. మంచం కింద కుండలు, బీరువా మీద కుండలు, పూజగదిలో పెరుమాళ్లకు అటూ ఇటూ కుండలు. ఆ ఇంట్లో బల్లికి కూడా దారి దొరికేది కాదు.

ప్రతి కుండకూ ఫోటో తీశాక, దాని పక్కన కోణమానిని ఆనించి నోటుబుక్కులో ఏదో రాసుకునేవారు. ఆరువారాలుగా ఆ పుస్తకం చూసుకుని దిగులుపడటం కూడా మొదలైంది.

"ఏమైందండీ?"

"వంకర మళ్లీ పెరిగింది కుముదా."

"మీకు కావాల్సింది అదే కదా?"

మాస్టారు నోటుబుక్కు మూసేశారు. వెలుతురు గురించి కూడా మాట్లాడలేదు. అన్నం సగం వదిలేసి లేచారు.

అంతలో ధనుర్మాసం రానే వచ్చింది. నెల మొదటిరోజు కొత్త మట్టికుండలో పొంగలి వండటం కుముదవల్లి పుట్టింటి ఆచారం. ఆ ముందురోజు పొద్దున ఇంట్లోని కుండలన్నీ దించి, ఒక్కొక్కటే పొయ్యిమీద పెట్టి చూసింది. ఒకటి ఎడమకు ఒరిగింది, ఒకటి కుడికి. ఇంకొకటి పాలు పొంగకముందే పొర్లించింది.

"నలభైయొక్క కుండలు! పొయ్యిమీద నిలిచేది ఒక్కటి లేదు. రేపు పొంగలి యాడ వండేది, మీ నెత్తిమీదనా?"

"కొండమీద స్వామికే ఓటికుండలో పెరుగన్నం పెడతారు. నీకు వంకరైతే నామోషీనా?"

"అది పగిలిన కుండండీ! మీవి తాగిన కుండలు!"

ఆమె చెప్పులేసుకుని ఆటో ఎక్కింది. మంచి కుండ ఒకటి తెచ్చుకోవాలి, ఇకమీదట ఈయనకు కుండ అమ్మొద్దని ఆ మునెమ్మకు గట్టిగా చెప్పాలి. పద్మావతమ్మ గుడి దాటేసరికి తిట్లన్నీ వరసగా పేర్చుకుంది.

మునెమ్మ కుమ్మరి సారె ముందు కూర్చుని ఉంది. చుట్టూ గీత గీసినట్టు గుండ్రటి కుండలు. కుముదవల్లి ఎవరో తెలియగానే లేచి నిలబడింది.

"అయ్యోరింటి అమ్మవా! రామ్మా, కూసో. నిన్ను సూడాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటా ఉండాను. ఆ అయ్యోరితో నాకు పెద్ద కష్టమొచ్చిందమ్మా."

"నీకు కూడానా?" అంది కుముదవల్లి. పేర్చుకున్న తిట్లు కాస్త ఒరిగాయి.

"పోయిన పుష్యంలో వాతమొచ్చి ఈ కుడిచెయ్యి పడిపోయిందమ్మా. లేసినాక సేసిన కుండంతా వంకరే. ఆరు కుండలు పగలగొట్టినా. ఈ సారె ఎవురికన్నా ఇచ్చేద్దామనుకున్నా. ఏడోది ఎత్తినా, పగలగొట్టేదానికి. అప్పుడొచ్చినాడు మీ ఆయన. 'ఆగు మునెమ్మా, వెలుతురు!' అని ఒకటే అరుపు. నాకు గుండె ఆగినంత పనయింది. 'ఇట్లాంటిది వారానికొకటి కావల్ల, వంకర లేకుంటే నాకొద్దు' అన్నాడు."

"ఆ తర్వాత?"

"ఒక్కరన్నా అడిగేవాళ్లుండారు కదా అని సారె తిప్పినా. తిప్పంగ తిప్పంగ, దీపావళికల్లా సెయ్యి సరయిపోయింది. ఇదో సూడు." మునెమ్మ వేళ్లు చాపి చూపింది. "వచ్చిన కష్టమేందంటే, ఇప్పుడు వంకర రమ్మంటే రాదమ్మా! మంచి కుండ సేసి, ఎవురూ సూడకుండా మోచేత్తో ఒక పోటు పొడస్తా ఉండా. ఆయనొచ్చే శనివారం మంచియన్నీ లోపల దాసిపెడతా. పాపం, పెద్దాయన. ఆశపడి అంత దూరం వస్తాడు. లేదంటే మనసు నొచ్చుకోడా?"

కుముదవల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"ఇంక పొడవబాకు మునెమ్మా. ఒక మంచి కుండ ఇయ్యి. ఆయన సంగతి నేను చూసుకుంటా."

ఇంటికొచ్చి ఆ కుండను కిటికీ పక్కన బల్లమీద పెట్టింది. మాస్టారు దాని చుట్టూ ఒకసారి తిరిగారు. వంగి చూశారు. కోణమానిని ఆనించారు. తీసి తుడిచి మళ్లీ ఆనించారు.

"ఎవరు చేసినారు ఇది?"

"మునెమ్మ."

"అబద్ధం. ఆమె చెయ్యి మళ్లీ చెడింది. చూడు." నోటుబుక్కు తెరిచి చూపారు. "మొదటి కుండకు పదిహేను డిగ్రీల వంపు. చెయ్యి బాగయ్యేకొద్దీ తగ్గి, ఆశ్వయుజానికి రెండు. ఆ తర్వాత మళ్లీ తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది."

"ఆ తొమ్మిది ఆమె మోచెయ్యండీ! మీరు చిన్నబుచ్చుకుంటారని కావాలనే పొడుస్తాంది."

మాస్టారు పుస్తకం వంక చూశారు. కుండ వంక చూశారు. తర్వాత లెక్క తేలిన పిల్లవాడిలా నవ్వారు.

"ఆరు వారాలు వరసగా తొమ్మిదే వచ్చినప్పుడే అనుమానించాల్సింది. ఏ జబ్బూ అంత లెక్కగా ఉండదు." కుండను ఆమె చేతికిచ్చారు. "ఛ, ఇది ఫోటోకు పనికిరాదు. తీసుకుపో లోపలికి."

ఫోటో దిగకుండా ఆ వంటింటి గడప దాటిన మొదటి వస్తువు ఆ కుండే.

మరునాడు తెల్లవారి పొంగలి దించేసరికి కిటికీ పంచె మీద తొలి ఎండ పడింది. కుముదవల్లి కుండను నేరుగా తెచ్చి బల్లమీద పెట్టి, మూత తీసేసింది.

"ఏమండీ, తొందరగా రండి. వెలుతురు!"

"పెరుమాళ్లు ఇంకా చూడలేదు కదే?"

"రెండు నిమిషాలు ఆగుతారులే. మీ పక్కన ఉండీ ఉండీ ఆయనకు కూడా అలవాటయింది."

మాస్టారు ఫోన్ పట్టుకుని వంగారు. ఇటునుంచి చూశారు, అటునుంచి చూశారు. అలవాటు కొద్దీ మూత ఎక్కడుందని వెతికారు.