గేటు పడితేనే యాకమ్మ బేరం

డోర్నకల్ దాటాక వచ్చే రైలు గేటు పడిందంటే చాలు, యాకమ్మ లేస్తుంది. బొగ్గు వ్యాగన్లు పోతున్నంతసేపూ, ఆగిన ఆటోల వెంబడి ఉడికించిన పల్లికాయల గంపతో తిరుగుతుంది. గేటు లేవగానే కూర్చుంటుంది. ఆరేళ్లుగా ఇదే బతుకు. ఊరంతా తిట్టుకునే గేటు ఆమెకు అన్నం పెడుతోంది, ఎవరి గోల వాళ్లది మరి!

ఇప్పుడు అక్కడ ఇంకో లైను వేస్తారట. బొగ్గుబండ్లు పెరుగుతాయి కాబట్టి గేటు తీసేసి పైనుంచి వంతెన కట్టాలా, ఇట్లాగే ఉంచాలా అని చూడడానికి నవీన్ అనే సర్వే ఇంజనీరు వచ్చాడు. గేటు రిజిస్టరు చూశాక, పొద్దస్తమానం అక్కడే ఉండేవాళ్లనూ అడుగుతున్నాడు.

పక్కన మక్కకంకులు కాల్చే చంద్రమ్మ ముందే చెవిలో వేసింది. "అక్కా, అయిదు నిమిషాలకు మించి పడదని చెప్పు. నేను గట్లనే చెప్పిన. వంతెనైతే ఎవలాగుతరు? మన నోట్ల మన్నే."

"సరే తియ్యి," అంది యాకమ్మ. నిజంగా అలాగే చెబుదామనుకుంది.

నవీన్ కాగితం తిప్పి అడిగాడు. "అమ్మా, ఎక్కువల ఎక్కువ ఎంతసేపు పడ్డది గేటు?"

"ఇరవై ఆరు నిమిషాలు."

చంద్రమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నోటికాడి బుక్క పారేస్తివి కదనే!"

"గంత పక్కాగ ఎట్ల చెప్తున్నవమ్మా?" అన్నాడు నవీన్.

"రెండు బొగ్గుబండ్లు ఒకదాని ఎంట ఒకటి వచ్చినయ్. మా ఆయన ఆటోల ఉండె. ఛాతిల నొప్పి. మానుకోట దవాఖానకు తీస్కపోతున్నం. గేటు పడ్డప్పుడు నాతోని మాట్లాడిండు. లేసినంక మాట్లాడలే."

పల్లికాయల ధర చెప్పినట్టే చెప్పింది. ఏడుపు రాలేదు, ఎప్పుడో ఇంకిపోయింది. ఆయన దినాలు కాగానే బతుకుదెరువు వెతుక్కుంటూ ఈ గేటు దగ్గరికే వచ్చింది. అన్ని బండ్లు ఆగే చోటు చుట్టుపక్కల ఇంకోటి లేదు కదా.

నవీన్ కలం ఆగింది. "రాయాల్నా అమ్మా?"

"రాయి."

గంట మోగింది. గేటు పడింది. యాకమ్మ గంప ఎత్తుకుని మొదటి ఆటో దగ్గరకు నడిచింది. వెనక సీట్లో ఎవరైనా పడుకుని ఉన్నారేమోనని ముందు తొంగి చూసింది. ఆరేళ్లుగా ప్రతి ఆటోలోనూ అలాగే చూస్తోంది. ఎవరూ లేరు.

"పల్లికాయ, పల్లికాయ," అని అప్పుడు అరిచింది.