మైకు మాట నమ్మి కోసిన చెరకు

ప్రచారం లేనిదే వ్యాపారం లేదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నిజామాబాదులో బట్టల దుకాణాలకు, సర్కసులకు, ఆఖరికి పళ్ల డాక్టరుకు కూడా జీపు మీద మైకు కట్టుకొని ఊరూరా అరిచినవాణ్ణి. నేను రెండు రోజులు తిరిగితే మూడో రోజు ఆ దుకాణంలో కాలు పెట్టే సందుండేది కాదు. గొప్పకు చెప్పడం లేదు. ఆదివారాలు చర్చిలో వాక్యం చదివేది నేనే కాబట్టి, ఆ గొంతు అబద్ధమాడదని చుట్టుపక్కల ఒక నమ్మకం.

ఎనభైల చివర్లో బోధన్ దారిలో ఎవరో చిన్న చక్కెర మిల్లు కొత్తగా పెట్టి నన్ను పిలిచారు. అప్పటిదాకా రైతులంతా పెద్ద ఫ్యాక్టరీకే చెరకు వేసేవాళ్లు. అక్కడ ఫలానా రోజు కోయమని ఫ్యాక్టరీ రాసిచ్చే కోత చిట్టీ చేతికి రానిదే కొడవలి పట్టకూడదు. నరికిన చెరకు ఎండలో పడి ఉంటే బరువు పోతుంది, పులుస్తుంది మరి. ఆ చిట్టీ కోసం కాచుకోవడమంటే రైతులకు ప్రాణం విసుగు. నేను ఆ విసుగునే పట్టుకున్నాను.

"చిట్టీ లేదు, గిట్టీ లేదు! కోసుకొని రాండ్రి! తెచ్చిన్నాడే గానుగల పడ్తది!"

మాట కట్టింది నేనే. ఓనరు విని, "శభాష్! గిట్లనే కొట్టు" అని నా భుజం తట్టాడు. మిల్లు రోజుకు ఎన్ని బండ్లు ఆడుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

చందూర్‌లో మా అక్కకు రెండెకరాల చెరకు ఉండేది. ఆ ఏడు వాళ్లకున్న పంటంతా అదే. జీపు వాళ్ల వాడలోకి పోయినప్పుడు గొంతు ఇంకాస్త పెంచాను, అక్క వినాలని.

మూడో రోజు పొద్దున మిల్లుకు పోతే గేటు నుంచి రోడ్డు మలుపు దాకా బండ్లే. "సూసినవా, నీ గొంతు మహిమ!" అని ఓనరు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మర్నాటికి బండ్ల వరుస మలుపు దాటింది, ముందున్న బండ్లు మాత్రం ఒకటీ అరా తప్ప కదల్లేదు. మధ్యాహ్నానికి గాలిలో పులిసిన వాసన మొదలైంది. బండి కింద కూర్చున్న ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

ఎవరినీ అడగకుండా జీపు ఎక్కాను. "ఆగుండ్రి! కోయకుండ్రి! మిల్లు కాడ జాగ లేదు!" అని దారి పొడుగునా మొత్తుకున్నాను. ఏ చేలోనూ కొడవలి ఆగలేదు. కొందరు నన్ను చూసి ఈల వేశారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

అక్క చేనుకు చేరేసరికి కూలీలు ఒక ఎకరం పడగొట్టేశారు. రెండోది నిలిచే ఉంది. దిగి పరుగెత్తాను.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత, ఆపు! కొయ్యని ఎకరమన్న దక్కుతది."

అక్క నా వైపు అనుమానంగా చూసింది. "పెద్ద ఫ్యాక్టరీ దళారులు నిన్ను కొన్నరంట గద తమ్మీ? మిల్లు మీద మన్ను పోస్తున్నవంట. ఊరంత అనుకుంటున్నరు."

"నీతోని అబద్ధమాడుతనా అక్కా?"

"మొన్న మైకుల చెప్పినప్పుడు అబద్ధమాడలే గద" అని కూలీల వైపు తిరిగి, "కానీయుండ్రి" అంది.

గట్టు మీద కూలబడి ఏడ్చాను. రెండో ఎకరమూ నా కళ్ల ముందే పడిపోయింది.

పదో రోజుకు వాళ్ల మొదటి బండి గేటు చేరింది. మిల్లువాళ్లు ఒక గడ విరిచి, వాసన చూసి, వద్దన్నారు. బావ ఎడ్లను మళ్లించాడు. అక్క నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"గంత మంచిగ ఎందుకు చెప్పినవ్ రా తమ్మీ?" అని అడిగింది.