వెయ్యిలో మూడుసార్లు

దేవదాస్ ఎవరని అడిగితే కరీంనగర్‌లోని మా చిన్న కంపెనీలో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నేను చెప్పగలను. చెప్పాల్సిన రోజున మాత్రం చెప్పలేదు.

అతనిది గోదావరిఖని. వాళ్ల బాపు హనుమండ్లు మనుషుల్ని బొగ్గుగనిలోకి దించే లిఫ్టు నడిపేవాడు. కింది నుంచి కొట్టే గంటల లెక్కను బట్టి దించాలి, లేపాలి, ఆపాలి. గంట సరిగ్గా వినపడకపోతే లివరు ముట్టేవాడు కాదట, మళ్లీ కొట్టించుకునేవాడట.

మా దగ్గర దేవదాస్ పనీ ఇంచుమించు అలాంటిదే. రైస్‌మిల్లుల్లో వడ్లు ఆరబెట్టే యంత్రాల కోసం మేం సి అనే కంప్యూటర్ భాషలో ఒక లైబ్రరీ, అంటే ప్రోగ్రాములన్నీ వాడుకునే ఉమ్మడి కోడ్, రాశాం. యంత్రాల ప్రోగ్రాములన్నీ దాని మీదే నడుస్తాయి. నడుస్తున్న ప్రోగ్రాముకు ఆగమనో, లేవమనో వచ్చే పిలుపే సిగ్నల్. అది అందుతోందో లేదో పరీక్షించేవాడు అతను.

ఒక పరీక్ష వెయ్యిసార్లు నడిపితే మూడుసార్లు తప్పింది. చేసే పని లేక ప్రోగ్రాము నిద్రలోకి పోబోయే క్షణంలోనే సిగ్నల్ వస్తే గల్లంతయ్యేది. ప్రోగ్రాము ఇక లేచేది కాదు.

"అన్నా, మన కోడ్‌లనే ఏడ్నో తప్పున్నది. నాలుగు రోజులియ్యుండ్రి, పట్టుకుంట" అన్నాడు, టీం లీడర్నైన నాతో.

"మల్ల నడుపు, పాసైతది."

"పాసైతది గని, గంట మీద అనుమానముంటె మా బాపు లిఫ్టు కదిలియ్యకపోతుండె."

"అయితె మీ బాపును తెచ్చి ఈడ కూసోవెట్టు! సోమవారం సరుకు పోవాలె. గా పరీక్ష పక్కకు వెట్టు."

అందరూ పకపకా నవ్వారు. నా మాటకారితనానికి నేనే మురిసిపోయాను, నా మొహం! దేవదాస్ ఆ పరీక్షను దాటేసే లైను టైపు చేశాడు. ఏ లైను ఎవరు మార్చారో కంప్యూటర్ రాసుకుంటుంది కాబట్టి దాని పక్కన అతని పేరు పడింది.

వానాకాలం వడ్లు వచ్చాక మెట్‌పల్లిలో ఒక మిల్లులో యంత్రం ఆగమంటే ఆగలేదు. వడ్లన్నీ మాడిపోయాయి. మీటింగులో మా యజమాని "పరీక్ష తీసేసిందెవడు?" అని అరిచాడు. తెర మీద దేవదాస్ పేరు. అతను నా వైపు చూశాడు. నేనే తీసెయ్యమన్నానని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. సాయంత్రానికల్లా అతని ఉద్యోగం పోయింది.

మూడో రోజు అతని నుంచి మెయిల్ వచ్చింది. తిట్లే ఉంటాయనుకుని తెరవలేదు. ఆ తప్పు కోసం రెండు నెలలు కిందామీదా పడ్డాను, దొరకలేదు. చివరికి కంపెనీ ఆ యంత్రాల పనే వదులుకుంది.

మొన్న పెద్దపల్లి స్టేషన్‌లో కనిపించాడు. అక్కడే కంప్యూటర్ సెంటర్‌లో సి నేర్పుతున్నాడట. నేను తప్పించుకుపోదామనుకునేలోపే "మంచిగున్నరా అన్నా?" అని పలకరించాడు.

"గా రోజు నేను చెప్పాల్సుండె దేవదాస్. తప్పు నాదే."

"ఇప్పుడు గా ముచ్చటెందుకన్నా, ఇడిసిపెట్టుండ్రి. నేను పంపింది పనికొచ్చిందా?"

ఏం పంపాడో నాకేం తెలుసు! అయినా "వచ్చింది" అన్నాను. ఛీ, మళ్లీ అబద్ధమే.

అతని మొహం వెలిగిపోయింది. "నాకు గంతే సాలన్నా" అని నా చెయ్యి పట్టుకుని ఊపి, క్లాసుకు టైమైందని వెళ్లిపోయాడు.

బెంచీ మీద కూలబడి, వెతికి వెతికి ఆ మెయిల్ తెరిచాను.

"అన్నా, తప్పు దొరికింది. పదకొండు లైన్లు మారిస్తే సాలు, కింద పెట్టిన. లక్షసార్లు నడిపిన, ఒక్కసారి గూడ తప్పలే. నా పేరు సూస్తే సార్ ఒప్పుకోడేమో. మీ పేరు మీదనే పెట్టుండ్రి."