జపాన్ బండి, దిండిగల్ సంబంధం

పోయిన వారం ఉడుమలైపేటలో ఒక పందిరి కింద నిలబడి, నాకు బుద్ధి లేదని నేనే నిరూపించుకోవలసి వచ్చింది. ఊరికే ఒప్పుకుంటే చాలలేదు. రుజువు అడిగినారు. టీ తాగతా వినండి. నవ్వేది ఆఖర్న నవ్వండి, మధ్యలో నవ్వితే నాకు వరస తప్పుతాది.

బండి సంగతి మీకు తెలిసిందే. ఏడాదిగా నేను ఇంకేం మాట్లాడినాను గనక. చిన్నమనూరులో ఒక ద్రాక్షతోట షెడ్డులో దొరికింది. మన కాలేజీ రోజుల్లో రోడ్డంతా పొగ చేసిన జపాన్ టూ-స్ట్రోక్ బండి. నేను చూసినప్పుడు దాని సీటు మీద ఒక కోడి పొదుగుతా ఉండింది. కోడిని లేపి బండిని తెచ్చుకున్నాను. తెలివైనవాడైతే కోడిని తెచ్చుకొని ఉండేవాడు.

నాకు కోయంబత్తూరులో పంపుసెట్ల విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాప్ ఉండాది కదా. లేత్ ఉండాది, డ్రిల్లింగ్ మిషన్ ఉండాది, కాబట్టి నాకు అన్నీ తెలుసునని ఒక నమ్మకం కూడా ఉండాది. ఇంజన్ మొత్తం విప్పినాను. సిలిండర్ నేనే బోర్ చేసినాను. ట్యాంకుకు పాత ఎరుపు రంగు కొట్టించి, సైలెన్సర్‌కు క్రోమ్ వేయించి, అద్దంలో ముఖం చూసుకున్నట్టు అందులో చూసుకునేవాణ్ణి. నా భార్య సరోజ ఒకసారి వచ్చి చూసి, ఈ తుడిచేదేదో ఇంట్లో కిటికీలు తుడిస్తే వెలుగన్నా వస్తాదని చెప్పి పోయింది.

ఈ పాత బండ్ల వాళ్లకు ఒక వాట్సాప్ గ్రూప్ ఉండాది. పొద్దున లేస్తే నట్టు బోల్టుల ఫోటోలు. పెళ్లాం పుట్టినరోజు గుర్తుండదు, కార్బురేటర్ జెట్ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అసలు కంపెనీ ఇండికేటర్ గ్లాసు దొరికిందని ఒకాయన కండ్లల్లో నీళ్లు పెట్టుకున్నాడు. ఆ మందలో నేనూ ఒకణ్ణి. అందులోనూ ముందు నడిచే గొర్రెను.

బండికి ఒకటే రోగం. కిక్ కొడితే అప్పుడప్పుడు కిక్కర్ ఎగిరి వెనక్కి తన్నేది. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టవలసిన దానికంటే ముందే పుడతా ఉండాది, టైమింగ్ సరిచేయి అని గ్రూపులో అందరూ చెప్పినారు. దానికి కొలిచే గేజ్ ఉండాది. నా వర్క్‌షాప్‌లోనే, నా టేబుల్ సొరుగులోనే ఉండాది. తీసి వాడినానా? గేజ్ చేతకానివాళ్లకు, నేను చెవితో పెడతానని వాళ్లకు జవాబు రాసినాను. రాసి, కింద ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టినాను.

ఇట్లా ఉండగా నా బామ్మర్ది గోవిందరాజు ఇంట్లో నిశ్చితార్థం వచ్చింది. వాళ్లది ఉడుమలైపేట పక్కన కొబ్బరితోట. వాని కూతురు నందిని అక్కడే ఒక నూలుమిల్లులో పని చేస్తాది. అబ్బాయిది దిండిగల్, పేరు కార్తీక్, అదే మిల్లుకు సరుకు కొనేదానికి వచ్చి పోతా ఉండేవాడు. వాళ్లిద్దరూ ముందే మనసు కలుపుకొని, తరువాత పెద్దవాళ్లకు చెప్పినారు. మావాళ్లే, తెలుగు వాళ్లే, అన్నీ కుదిరినాయి. ఒక్కటే చిక్కు. కార్తీక్ మేనత్త కోమళమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. బయలుదేరేటప్పుడు పిల్లి కనపడితే ప్రయాణం మానుకునే మనిషి. ఆమె కోసం ముహూర్తం ముందే రెండుసార్లు మార్చినారు. నందిని ఫోన్ చేసి, మామా, ఆ రోజు ఎవరూ తుమ్మకుండా ఉంటే చాలు అని నాతో చెప్పి నవ్వింది. నవ్వుతోనే భయం కూడా వినపడింది.

అందరం కారులో పోదామని సరోజ చెప్పింది. నేను బండిలో వస్తానంటిని. పట్టు చొక్కా, జరీ అంచు పంచె కట్టుకొని కోయంబత్తూరు నుంచి ఉడుమలైపేటకు టూ-స్ట్రోక్ బండిలో వస్తావా అని అడిగింది. ఆ అడిగిన తీరులోనే జవాబు ఉండింది, నాకు వినపడలేదు. ఆ పొద్దున బయలుదేరే ముందు చెవితో ఇంకోసారి టైమింగ్ పెట్టినాను. చెవికి చాలా బాగుండింది.

దారంతా బండి బాగానే పరుగెత్తింది, అదే నా ఖర్మ. ఆగిపోయి ఉంటే బస్సులో పోయి మర్యాదగా కూర్చొని ఉండేవాణ్ణి. పొల్లాచ్చి దాటినాక ప్రతి టీకొట్టు దగ్గరా జనం తిరిగి చూసినారు. బండిని చూస్తా ఉండారని అనుకున్నాను. చేరినాక సరోజ నా వీపు చూపించింది. సైలెన్సర్ నుంచి చిమ్మిన నూనె, పంచె అంచు నుంచి చొక్కా కాలరు దాకా, పొడ మచ్చలు పెట్టినట్టు.

గోవిందరాజు కొత్తగా కరెంటు స్కూటర్ కొనినాడు. దాన్ని పందిరి పక్కన నిలబెట్టి, ఒక బటన్ నొక్కి, అది మెల్లగా వెనక్కి నడిచేది నాకు చూపించినాడు. నేను నలుగురు వినేటట్టు చెప్పినాను, ఇది మిక్సీకి చక్రాలు కట్టినట్టు ఉండాది, బండి అంటే ముందుకు పోయేదిరా అని. వాడు ఏమీ అనలేదు. వాడు ఎప్పుడూ ఏమీ అనడు, అందుకే వాణ్ణి చూస్తే నాకు మంట.

దిండిగల్ వాళ్లు వచ్చినారు. కోమళమ్మ ముందు నడిచింది. నల్లటి మనిషి, తెల్లటి జుట్టు, చేతిలో సంచి. వాకిట్లో నిలబడి ఎడమా కుడీ చూసి, అన్నీ సరిగా ఉండాయని తేల్చుకొని లోపలికి అడుగు పెట్టింది. వాళ్లు తెచ్చిన తట్టలు పందిట్లో చాపల మీద వరసగా పెట్టినారు. పండ్లు, పూలు, తాంబూలం, నందినికి పెట్టవలసిన పట్టుచీర. ముహూర్తానికి ఇంకా కొంచెం టైముండింది.

కార్తీక్ మాత్రం నేరుగా నా బండి దగ్గరికి వచ్చినాడు. వాళ్ల నాయనకు ఇదే బండి ఉండేదట, దాని సౌండ్ ఒక్కసారి వినాలని అడిగినాడు. మంచి పిల్లవాడు, మర్యాదకు అడిగినాడు. మర్యాదను మర్యాదగా వదిలేసే గుణం నాకు లేదు. సౌండ్ ఏముంది, ఎనక ఎక్కప్పా, గేటు దాకా ఒక రౌండు పోయి వస్తాం అంటిని. కొత్త పెండ్లికొడుకు, పెద్దమనిషి పిలిస్తే కాదనలేక ఎక్కినాడు.

బండి ముందు చక్రం గేటు వైపు, వెనక చక్రం పందిరి వైపు. పంచె అడ్డమొచ్చి కిక్ సగమే పడింది. కిక్కర్ ఎగిరి పిక్క మీద ఒకటి తన్నింది. అయినా ఇంజన్ అందుకుంది. సౌండ్ కొంచెం వేరేగా, గొంతు పట్టినట్టు ఉండింది. అందరూ చూస్తా ఉండారు కదా, నాకు అది కూడా గంభీరంగానే తోచింది. ఫస్ట్ గేర్ వేసి, ఛాతీ ముందుకు పెట్టి, క్లచ్ వదిలినాను.

బండి వెనక్కి పోయింది.

నిజంగానే వెనక్కి. ఈ టూ-స్ట్రోక్ ఇంజన్‌కు ముందూ వెనకా తెలియదు. నిప్పురవ్వ మరీ ముందే పుడితే, పైకి వచ్చే పిస్టన్ సగం దారిలోనే దెబ్బ తిని తిరిగిపోతాది. ఇంజన్ తిరగబడి నడుస్తాది. అప్పుడు ఫస్ట్ గేర్ కూడా రివర్స్ గేరే. ఇదంతా నేను పుస్తకంలో చదివి, గ్రూపులో ఇంకొకరికి పాఠం చెప్పినాను కూడా. ఆ క్షణంలో తెలిసింది ఒకటే, నేను ముందుకు వంగినాను, లోకం ముందుకు పోతా ఉండాది.

బ్రేకు వేయొచ్చు కదా అంటారు. వేయొచ్చు. పడిపోతామని హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను, పట్టుకున్న చేయి యాక్సిలేటర్‌ను కూడా తిప్పింది. పండ్ల తట్ట పోయింది. తాంబూలం తట్ట పోయింది. పందిరి గుంజకు తగిలి ఆగినాము. గుంజ వాలి, పైన గుడ్డ మెల్లగా దిగి మా ఇద్దరినీ కప్పింది. గుడ్డ తీసి చూస్తే కార్తీక్ మల్లెపూల తట్టలో సరిగ్గా మధ్యలో కూర్చొని ఉండాడు. దెబ్బ ఏమీ లేదు. పట్టుచీర మీద మాత్రం నా కొత్త టైరు ముద్ర, గీత గీతా తెలిసేటట్టు.

గోవిందరాజు దగ్గరికి వచ్చి నన్ను లేపి, చాలా మెల్లగా చెప్పినాడు. "బావా, నీ బండికీ రివర్స్ ఉండాదే."

దానికైనా నవ్వి ఉందును, కోమళమ్మ ముఖం చూడకపోయి ఉంటే. ఆమె వంగి చీర తీసి చూసింది. మడిచి సంచిలో పెట్టుకుంది. తట్ట తొక్కుడు పడింది, పెండ్లికొడుకు ముహూర్తానికి ముందు వెనక్కి పోయినాడు, ఇంతకంటే దేవుడు ఎట్లా చెప్తాడు అనింది. తాంబూలం ఈ రోజు వద్దు, తరువాత చూస్తామనింది. తరువాత చూస్తామంటే ఏమో అక్కడ అందరికీ తెలుసు. కార్తీక్ ఏదో చెప్పబోతే చేయి ఎత్తి ఆపింది. వాకిలి దగ్గర నందిని నిలబడి ఉండింది. ఏడవలేదు. నన్ను చూసింది, అంతే. ఆ చూపుకు నేను పంచె సరిచేసుకునేది కూడా మరిచిపోయినాను.

నేను కోమళమ్మ ముందుకు పోయినాను. "అమ్మా, ఇది శకునం కాదు. తప్పు నాది. ఇంజన్ టైమింగ్ నేను తప్పుగా పెట్టినాను, అది తిరగబడి నడిచింది."

"ఇంజన్ ఎనక్కి తిరుగుతాదా? నా చెవిలో పువ్వు పెడతా ఉండావా అప్పా?"

కావాలంటే ఇక్కడే చూపిస్తానంటిని. బండిని స్టాండు వేసి, వెనక చక్రం గాల్లో ఉండేటట్టు నిలబెట్టినాను. కోమళమ్మకు కుర్చీ వేసినారు. ఆమె చక్రం ముందు కూర్చునింది. పంచె ఎగ్గట్టి, ముందు కొట్టినట్టే సగం కిక్ కొట్టినాను. ఇంజన్ తియ్యగా అందుకుంది. గేర్ వేస్తే చక్రం ముందుకు తిరిగింది.

ఆపి మళ్లీ కొట్టినాను. ముందుకే. మెల్లగా కొట్టినాను, పక్కకు వాలి కొట్టినాను, పంచె అడ్డం పెట్టుకొని కొట్టినాను. ఏడాదిలో ఆ బండి అంత బాగా ఎప్పుడూ స్టార్ట్ కాలేదు. గ్రూపు వాళ్లు చూసి ఉంటే చప్పట్లు కొట్టి ఉందురు. నేను చెమటలు కక్కతా, అయ్యా వెనక్కి తిరుగు అని మనసులో బండికి దండం పెట్టినాను. అది మంచి గడియారం మాదిరి ముందుకే తిరిగింది.

కోమళమ్మ కుర్చీలో నుంచి లేచింది. బండిలో ఏ తప్పూ లేదు, మీరంతా చూసినారు కదా, అప్పుడు దాన్ని వెనక్కి తోసింది ఎవరో ఇప్పుడు తెలిసిందా అని వాళ్లవాళ్లను అడిగింది. వాళ్లంతా తల ఊపినారు. అంటే, నేను నా వంతు సాయం చేసి, శకునాన్ని ఖాయం చేసినాను.

అప్పుడు సరోజ ముందుకు వచ్చింది. అమ్మా, పోయేది ఎట్లాగూ పోతారు, నాది ఒక్క మాట విని పొండి అనింది. ఆమె గొంతు పెంచలేదు. కొంగు బిగించి, వంట చెప్పినట్టు నిదానంగా చెప్పుకుంటా పోయింది. ఇంటి బోరు మోటారుకు ఈయన వైర్లు తిరగేసి కలిపితే అది తిరగబడి తిరిగి, నీళ్లు రాక, భూమిలో నీళ్లు అయిపోయినాయని వీధంతా చెప్పి వచ్చినాడని చెప్పింది. మేడమెట్ల తలుపుకు మడతబందులు అటువైపువి ఇటు వేసి, తలుపు తీసినవాళ్లు మెట్ల మీద పడేటట్టు చేసినాడని చెప్పింది. వంటింటి పొగ బయటికి తోసే ఫ్యాన్ తిప్పి బిగిస్తే, పక్కింటి వాళ్ల తాలింపు మా ఇంట్లోకి వస్తా ఉండాదని, ఇవాళ్టికీ అట్లే ఉండాదని చెప్పింది.

"ఇది శకునమైతే అమ్మా, మా ఇంట్లో దినమూ శకునమే. దేవునికి ఇందులో ఏ పనీ లేదు. ఈయన ఒక్కడే చాలు."

పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. కోమళమ్మ నవ్వలేదు. నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. పిక్క మీద వాపు, చొక్కా మీద నూనె, జుట్టులో మల్లెపూలు. ఆ ఫ్యాన్ సంగతి నిజమేనా అని నన్నే అడిగింది. నిజమే అమ్మా, నిన్న పక్కింట్లో ఎండుచేపల పులుసు అని చెప్పినాను. గేజ్ సొరుగులో ఉండాది, తీయలేదు, అది కూడా నిజమేనంటిని. ఎందుకు తీయలేదని అడిగింది. నాకు తెలుసుననుకున్నాను అంటిని.

ఆమె సంచిలో నుంచి చీర తీసి, మడత తిప్పి, ముద్ర లోపలికి పోయేటట్టు పెట్టింది. తరువాత పందిట్లో అందరినీ చూసి ఒకటే అడిగింది.

"ఇతను పిల్లకు రక్తసంబంధమా?"

కాదు అని అందరూ ఒక్కసారే చెప్పినారు. గోవిందరాజు, సరోజ, నందిని, వంటవాళ్లు కూడా. నేను ఆ ఇంటికి అల్లుడై వచ్చినప్పటి నుంచి వాళ్లంతా ఒక్క మాట మీద నిలబడింది అదే మొదలు. తాంబూలం మార్చుకున్నారు.

అందరికంటే గట్టిగా కాదని అరిచింది ఎవరంటారా? నేనే.