ళ పలికే గొంతు కోసం

లైబ్రరీలో ఆమెను అందరూ బొంగరం అనేవారు. ఎదురుగానే అనేవారు. ఆమె ఏమీ అనుకునేది కాదు, అనుకోవాలన్నా కాసేపు ఆగాలి కదా. ఇరవై రెండేళ్ళుగా బైండింగు గదిలో చిరిగిన పుస్తకాలు విప్పి, ఫారాలు, అంటే మడతపెట్టిన కాగితాల కట్టలు, సరిచేసి, కుట్టి, అట్టలు వేస్తోంది. ఒక పుస్తకానికి రాసిన జిగురు ఆరేలోగా ఇంకోటి విప్పేది. దారం కోసం లేస్తే దారిలో కిటికీ తుడిచేది, కిటికీ తుడుస్తూ కింద ఎవరో సైకిలు అడ్డంగా పెట్టారని గమనించి, దిగి వెళ్ళి పక్కకు జరిపి వచ్చేది. అన్నం కూడా నిలబడే తినేది.

ఆమె భర్త ప్రూఫ్‌రీడరు. ముప్ఫై ఏళ్ళు ఒకే ప్రెస్సులో కూర్చుని అచ్చుతప్పులు ఏరాడు. మందుసీసా చేతికిస్తే మందు పేరు కంటే ముందు దాని మీది తప్పు కనిపించేది ఆయనకు. చక్కెర జబ్బు ఆ కళ్ళనే పట్టుకుంది. మొదట ఒక కంట్లో నెత్తురు చేరింది, అయిదు నెలలకు రెండోదీ మసకబారింది. రెండున్నరేళ్ళ కిందట ఆయన చివరి ప్రూఫు దిద్ది, ఎర్ర కలం జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

అప్పటినుంచి ఆయన చదువంతా చెవులతోనే. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి కంప్యూటర్లో పెట్టించారు. ఆ గొంతుకు ఊపిరి ఉండేది కాదు, ఆగాల్సిన చోట ఆగేది కాదు. వాటన్నిటికీ ఆయన అలవాటుపడ్డాడు. ఒక్కదానికి మాత్రం పడలేదు. ఆ గొంతుకు ళ రాదు. ఎక్కడ ళ ఉన్నా ల అనే పలికేది. వాళ్ళు వాల్లయ్యారు, మళ్ళీ మల్లీ అయింది, కళ పోయి కల మిగిలింది. ఒకసారి డాక్టరు రాసిచ్చిన జాగ్రత్తలు చదివించుకుంటే, చల్లని నీల్లతో రోజుకు మూడుసార్లు కల్లు కడుక్కోవాలంది. ఆ రోజు ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు. పదోరోజుకు నవ్వు పోయింది. నెల తిరిగేసరికి ఆయన వినడమే తగ్గించేశాడు. కుర్చీలో కూర్చుని వేళ్ళతో మోకాలి మీద ఏదో రాసుకుంటూ ఉండేవాడు. ఏమిటని అడిగితే, ఏమీ లేదనేవాడు.

ఆ మౌనం ఆమెకు చెవిలో జోరీగైంది. ఇంట్లో ఉంటే అలమరలు సర్దిందే సర్దేది. లైబ్రరీలో ఉంటే ఇంటికి మూడుసార్లు ఫోను చేసేది. చివరికి ఒక మధ్యాహ్నం, జిగురు గిన్నె చేత్తో పట్టుకునే, లైబ్రరీ కంప్యూటర్లు చూసుకునే ఆయన గదికి వెళ్ళి సంగతంతా చెప్పింది. సర్వర్ల గదిలో ఉంటాడని ఆయన్ని అందరూ సర్వరాయన అంటారు. పొద్దున వచ్చి తన చల్లటి గదిలో దూరితే సాయంత్రం దాకా బయటికి రాడు. అడిగినదానికి జవాబు తప్ప ఎక్కువ మాట్లాడడు. ఆయన విని, ఆ ప్రోగ్రాం పేరు అడిగి, అది ఏ ఒక్కరి సొత్తూ కాదన్నాడు. లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాస్తారట. రాసిందంతా, అంటే సోర్సు కోడు, ఎవరైనా తీసుకుని చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. తప్పు ఉంటే వాళ్ళకే ఉత్తరం రాయమన్నాడు.

డిక్షనరీ ముందు పెట్టుకుని ఆమె ఇంగ్లీషులో రాసింది. మూడోరోజు జవాబు వచ్చింది. ఆ తప్పును కిందటి నెలే ఒకరు సరిచేశారట. కాని సరిచేసినది ఇంకా సోర్సు కోడులోనే ఉంది, కొత్త విడుదల ఎప్పుడో చెప్పలేం, తొందరైతే కోడు దించుకుని మీరే కంపైల్ చేసుకోండి అని ఉంది.

తొందరైతే, అన్న మాట చాలు ఆమెకు. మర్నాడు తలుపు తెరిచేసరికే సర్వరాయన గది ముందు నిలబడి ఉంది. కంపైల్ చేయడమంటే ఏమిటి, ఎంతసేపు పడుతుంది, సాయంత్రానికి అవుతుందా అని అడిగింది. ఆయన ఆమె చేతిలోని సూది వంక చూసి, మీకు తెలిసిన పనేనన్నాడు. సోర్సు కోడంటే విడి ఫారాలు. మనుషులు చదవగలరు గాని యంత్రానికి పనికిరావు. వాటిని వరసగా చేర్చి, యంత్రం నడిపేలా ఒకటిగా కట్టి ఇచ్చేదే కంపైలర్. దానికి కావలసిన సరంజామా అంతా ముందు సమకూర్చుకోవాలి. అందులో ఒక్కటి తగ్గినా అది మొండికేస్తుంది.

"ఎర్రర్లు వస్తాయి, కంగారుపడకండి. చివరి లైను కాదు, మొదటి ఎర్రరు చదవండి. నిదానంగా చదవండి," అన్నాడు.

నిదానం అన్న మాట ఆమె చెవికెక్కలేదు. అప్పటికే సగం మెట్లు దిగేసింది.

భర్త వింటున్న కంప్యూటరు జోలికి పోతే ఉన్న గొంతు కూడా పోతుందని భయం. అందుకని లైబ్రరీలో పక్కన పడేసిన పాత కంప్యూటరు డబ్బా ఒకటి అడిగి తెచ్చుకుంది. దాన్ని ముందుగదిలో, పుస్తకాలు కుట్టే చట్రం పెట్టుకునే బల్ల మీద పెట్టింది. ఆదివారం పొద్దున లేచి అందులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించింది. అది ఎక్కేలోగా పప్పు పొయ్యి మీద పెట్టింది. పప్పు ఉడికేలోగా ఒక పుస్తకం వీపున పాత జిగురు చెక్కింది. తెర ఏదో అడుగుతుంటే చదవకుండానే సరే అని నొక్కింది.

తర్వాత నల్లటి తెర తెరిచి, సర్వరాయన కాగితం మీద రాసిచ్చిన ఆజ్ఞలు ఒక్కొక్కటీ కొట్టింది. కోడు దిగింది. సరంజామా సరిచూసే ఆజ్ఞ ఇచ్చింది. రెండు క్షణాల్లో ఆగిపోయింది. కంపైలరే లేదంది. కంపైలర్ తెచ్చింది. ఈసారి ఇంకొంచెం దూరం పోయి, లైబ్రరీ దొరకలేదంది.

"నేనుండేదే లైబ్రరీలో," అంది పైకే.

లోపల కుర్చీలోంచి భర్త ఏమైందని అడిగాడు. చెప్పింది. వేరే ప్రోగ్రాములు అరువు తెచ్చుకునే కోడు కట్టను కూడా లైబ్రరీ అనే అంటారట, అది లేదంటోంది అని. ఆయన చాలాకాలం తర్వాత పెదవి చివర నవ్వాడు. అది చూసి ఆమెకు కాలు నిలవలేదు. వారాలు పట్టినా సరే, కాదు కాదు, ఈ సాయంత్రమే తేల్చేయాలనుకుంది.

అక్కడే చెడింది. ఒక లైబ్రరీ తెస్తే మరొకటి అడిగింది. అది తెస్తే దాని పాత రకం వద్దంది. ఆమె ఫోనులో నాలుగు చోట్ల నాలుగు సలహాలు వెతికి, ఎవరు ఎప్పుడు దేనికి రాశారో చూడకుండా అన్నీ కొట్టేసింది. సాయంత్రానికి కంప్యూటరు కంపైల్ చేయడం అటుంచి, సరిగ్గా తెరుచుకోవడమే మానేసింది. మొదటినుంచీ అన్నీ మళ్ళీ ఎక్కించాలి. ఆ రోజు ఆమె గచ్చు రెండుసార్లు కడిగింది.

అలా మూడు ఆదివారాలు పోయాయి. పనిదినాల్లోనూ ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండా బల్ల దగ్గరికే వెళ్ళేది. లైబ్రరీలో ఒక నిఘంటువుకు ఫారాలు తలకిందులుగా కుట్టేసింది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ అలాంటి పని చేయలేదు. నాలుక్కరచుకుని మొత్తం విప్పి మళ్ళీ కుట్టింది. దాని గురించి ఎవరికీ చెప్పలేదు.

నాలుగో ఆదివారం కోడు కదిలింది. తెర నిండా అక్షరాలు వరదలా పరిగెత్తాయి. ఆమె ఆ అక్షరాల వెంట గదిలో అటూ ఇటూ తిరిగింది. పావుగంటకు ఆగాయి. ఎర్రరు ఒక్కటీ లేదు. ఆయన్ని చెయ్యి పట్టుకుని తెచ్చి బల్ల ముందు కూర్చోబెట్టి, కళ్ళు అని తెలుగులో కొట్టి, చదవమని ఆజ్ఞ ఇచ్చింది.

కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు. ఇంకోసారి. మరోసారి. స్పీకరు తీగ పీకి పెట్టింది. పాట పెడితే మోగింది. చదవమంటే మాత్రం నోరు విప్పదు. ఆయన ఓపిగ్గా తల కొంచెం వంచి వింటూనే ఉన్నాడు, అలా వింటున్న ఆయన్ని చూడలేక ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. తల ప్రాణం తోకకు వచ్చినంత పనైంది.

మర్నాడు సర్వరాయనకు ఫోనులో తీసిన తెర బొమ్మలన్నీ చూపించింది. ఆయన ఒక్కొక్కటే జరుపుతూ ఒకచోట ఆగాడు. సరంజామా సరిచూశాక కంప్యూటరు చిట్టచివర ఒక పట్టిక ఇస్తుంది, ఏది ఉంది, ఏది లేదు అని. అందులో నాలుగో వరుసలో, ధ్వని అని ఉన్నచోట, లేదు అని ఉంది. శబ్దం బయటికి పంపే లైబ్రరీ దొరకక, గొంతులేని ప్రోగ్రాంనే బుద్ధిగా కట్టి ఇచ్చింది. అబద్ధం చెప్పలేదు, దాచనూ లేదు. ఆమే చదవలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి ఈ మాట భర్తకు చెప్పింది. చెబుతూ చెబుతూ బల్ల తుడవసాగింది. తుడిచిన చోటే తుడుస్తోంది. ఆయన ఆ చప్పుడు కాసేపు విన్నాడు.

"ఒక్క నిమిషం కూర్చోవోయ్," అన్నాడు.

"పనుంది."

"నాలుగో వరుస చూడకపోతే ఏమైంది, రేపు చూస్తావు. నువ్వు బాధపడుతున్నది దానికి కాదు."

ఆమె చెయ్యి ఆగింది. ఆయన కన్ను చూపించుకోవాల్సిన ఏడాది లైబ్రరీలో పైపు పగిలి తొమ్మిది వందల పుస్తకాలు తడిసిపోయాయి. వాటిని బతికించే పనిలో పడి, డాక్టరు ఇచ్చిన తేదీని ఆమె రెండుసార్లు వాయిదా వేయించింది. మూడోసారికి వెళ్ళేసరికి కంట్లో నెత్తురు చేరి ఉంది. ఆ సంగతి వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ మాటల్లోకి రాలేదు.

"ఆ రోజు తీసుకెళ్ళలేదని నేనెప్పుడైనా అన్నానా?" అని ఆయన అడిగాడు.

"అనలేదు మీరు. అంటే బాగుండేది. అనకపోబట్టే కూర్చోలేకపోతున్నాను."

ఆయన, వాయిదా వేస్తే హాయిగా ఉందనుకున్నది తనేనని, కంటి డాక్టరంటే తనకు చచ్చేంత భయమని, ఆమె పుస్తకాలు లేకపోతే తనే ఏదో ఒక ప్రూఫు అడ్డం పెట్టుకునేవాడినని చెప్పాడు. ఆమె నమ్మిందో లేదో గాని, కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర్చుని, ఆ పట్టిక తెరిచి, మొదటి వరుస నుంచి ఆయనకు పైకి చదివి వినిపించింది. అందులో లేదు అని ఉన్నవి మూడు తేలాయి. ధ్వనికి కావలసింది తెచ్చింది. కంపైల్ అవుతున్నంతసేపూ కాలు కదుపుతూనే ఉంది, కాని లేవలేదు.

ఈసారి కంప్యూటరు కళ్ళు అంది. స్పష్టంగా, నాలుక మడిచి పలికినట్టు. ఆయన మళ్ళీ అనిపించమన్నాడు. నీళ్ళు, వేళ్ళు, తాళం, గోళం. అన్నీ పలికింది. అప్పుడాయన అలవాటు కొద్దీ ఇంకో మాట వేశాడు, తల్లి అని. కంప్యూటరు తళ్ళి అంది. పిల్లి అంటే పిళ్ళి అంది.

ఆమె కుర్చీలోంచి లేవబోయింది. ఆయన మాత్రం వెన్ను నిటారు చేసి కూర్చున్నాడు. సరిచేసిన మనిషికి తెలుగు వచ్చి ఉండదు, అక్షరం చూసి దిద్దాడు గాని చెవితో దిద్దలేదు అన్నాడు. ఆ మాటల్లో ఉన్నది ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు తప్పులు ఏరిన గొంతు. పలికే తీరు ఎక్కడ రాసి ఉంటుందో చూడమన్నాడు. ఆమె వెతికితే తెలుగుకు విడిగా ఒక ఫైలు దొరికింది. ఏ అక్షరం ఎలా పలకాలో వరసగా నియమాలున్నాయి. ఆమె చదువుతుంటే ఆయన వింటూ, ఒకచోట ఆపించాడు. రెండు ల లు కలిసిన చోటికి కూడా ళ నియమమే తగిలించి ఉంది.

ఆ తర్వాత ఇరవై రోజులు వాళ్ళింట్లో అదే పని. పొద్దున ఆమె లైబ్రరీకి వెళ్ళేలోగా ఆయన యాభై మాటలు సిద్ధం చేసి ఉంచేవాడు. సాయంత్రం ఆమె ఒక నియమం దిద్ది, కంపైల్ చేసి, ఆ యాభై వినిపించేది. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడేది. ఆయన గొంతు పెంచి తప్పు తప్పు అనేవాడు. ఆమె విసుక్కునేది, లేచి నాలుగు అడుగులు వేసేది, మళ్ళీ వచ్చి కూర్చునేది. ఒకరోజు ఇద్దరికీ చిన్నపాటి పోట్లాట కూడా అయింది, వాళ్ళు అని రాయాలా వారు అని రాయాలా అని. ఆ పోట్లాటకు కోడుతో ఏ సంబంధమూ లేదు.

దిద్దిన ఫైలూ, వెయ్యి మాటల జాబితా కలిపి ఆ ప్రోగ్రాం వాళ్ళకు పంపారు. వాళ్ళు రెండుసార్లు వెనక్కి పంపి ప్రశ్నలు అడిగారు, మూడోసారి తీసుకున్నారు. తెలుగు వినడానికి తమలో ఎవరూ లేరనీ, ఇకముందు కూడా విని చెబుతారా అనీ ఆయన్ని అడిగారు. ఆయన ఒక రోజంతా ఆలోచించినట్టు నటించి ఒప్పుకున్నాడు. ఇప్పుడు మోకాలి మీద రాసుకోవడం లేదు. అంకెలు తప్పు పలుకుతోందని వేరే గొడవ మొదలుపెట్టాడు.

ఈ సంగతి సర్వరాయన ద్వారా చూపులేని పిల్లల బడి దాకా వెళ్ళింది. అక్కడి సంగీతం టీచరు ఫోను చేసి, తమ దగ్గర పదకొండు కంప్యూటర్లున్నాయనీ, అన్నీ ఇంకా కల్లు అనే అంటున్నాయనీ చెప్పింది. బొంగరం సెలవు పెట్టి ఒక్కరోజులో అన్నిటికీ కొత్త గొంతు పెట్టేస్తానని వెళ్ళింది. సాయంత్రానికి ఏడు పలికాయి. నాలుగు వేరే రకం, ఒక్కటీ లొంగలేదు.

ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుందే గాని ముద్ద ఎత్తలేదు. మొదటి ఎర్రరు ఏమిటో ఆయనకు చెప్పింది. రెండోదీ చెప్పింది. ఆయన, బడి ఎక్కడికీ పోదు, రేపు వెళ్ళవచ్చు, ముందు తిను అన్నాడు. అలాగే అంది. రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, కాగితం తీసి ఆ నాలుగు యంత్రాల పేర్లూ, ఒక్కోదానికి ఏం లేదో వరసగా రాసుకుంది. రాసింది ఒకసారి పైకి చదివింది. ఆయన మూడోదాంట్లో ఒక అక్షరం తప్పుందన్నాడు. దిద్దింది. బయట ఇంకా వెలుతురు ఉంది. బడి గేటు ఎన్నింటికి మూస్తారని టీచరుకు ఫోను చేసి అడుగుతూనే, కాలితో చెప్పుల కోసం వెతుక్కుంటోంది.