బొంగరం కూర్చున్న అరగంట

ఆ పంపు మెకానిక్‌ని వీధిలో అందరూ బొంగరం అంటారు. ఆ పేరు పెట్టిందెవరోగానీ కళ్లున్నవాళ్లే. నలభై అయిదేళ్లొచ్చినా మనిషి ఒకచోట నిలబడి టీ తాగిన పాపాన పోలేదు. పనిలోనూ అంతే. మోటారు గుర్రుమందంటే చాలు, సంచీ భుజానికెక్కుతుంది. "తిరుగుతోందిగా, ఇంకేం!" అని మెట్ల మీంచే అరిచి వెళ్లిపోతాడు.

ఆ ఉదయం పిలుపు సొంత అక్క నుంచే వచ్చింది. ఆవిడ తన ఇంటి సెల్లార్‌లో పుస్తకాలకు బైండింగ్ చేస్తుంది. అక్కడ మూలనున్న గుంతలో ఊటనీరు చేరితే పంపు బయటికి తోడేస్తుంది. వాన వెలిసి రెండు రోజులైంది. పంపు ఆగకుండా తిరుగుతోంది, అయినా గుంత పొర్లి గచ్చంతా నీళ్లు. కింది అరకు ఇంకా బెత్తెడే దూరం. ఆ అరలో లైబ్రరీవాళ్లు నమ్మి అప్పగించిన నలభై పాత పుస్తకాలు, జిగురు పెట్టి బరువుల కింద ఉంచినవి. సాయంత్రంలోగా కదిపితే వాటి వెన్నులు ఊడిపోతాయి.

"ఒక్క పేజీ తడిసినా ఇంకెవరూ నా చేతికి పుస్తకం ఇవ్వర్రా," అంది అక్క.

బొంగరం కాలు కాలిన పిల్లిలా సెల్లారంతా తిరిగాడు. పంపు అడుగున జల్లెడకు పట్టిన చెత్త తీశాడు. వాల్వు విప్పి కడిగాడు. చివరికి మోటారే మార్చాడు. ఒక్కో పని అయిన ప్రతిసారీ "ఇక వస్తానక్కా" అని మెట్లెక్కబోయాడు. నీళ్లు మాత్రం తగ్గలేదు.

"అడుగు కదిపావంటే చూడు!" అక్కకు ఒళ్లు మండింది. బల్లమీది సిరా బుడ్డి అతని చేతిలో పెట్టింది. "బయట గొట్టం చివర ఇది పోసిరా. వచ్చి కూర్చో. నీళ్లు ఎటు పోతున్నాయో చూద్దాం."

పోసి వచ్చి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. మోకాలు ఆడించాడు, గోళ్లు కొరికాడు, సంచీలో బోల్టులు రెండుసార్లు సర్దాడు. తన పెళ్లిలో కూడా ఇంతసేపు కుదురుగా కూర్చోలేదు.

అరగంటకు గోడ పగులులోంచి నీలిచార ఒకటి గుంతలోకి జారింది.

బయట పోసిన నీళ్లే తిరిగి లోపలికొస్తున్నాయి. పంపు పొద్దుటినుంచీ అవే నీళ్లు తోడుతోంది. పోయినేడు బయటి గొట్టం పగిలితే, ఇంకోచోట పని ఉందని, పగిలిన ముక్క కోసేసి, గొట్టాన్ని గోడ మొదట్లోనే వదిలేసింది తనే. ఆదివారం వచ్చి అతుకు వేస్తానన్నదీ తనే. ఎన్ని ఆదివారాలు పోయాయో.

"అక్కా, తప్పు పంపుది కాదు. నాది."

"తెలిసిందిగా, వెళ్లి దిద్దుకో."

వీధి కాలువ దాకా కొత్త గొట్టం అతికాడు. మళ్లీ వచ్చి, ఎవరూ చెప్పకుండానే, బకెట్ మీద కూర్చున్నాడు. నీళ్లు గచ్చు వదిలి గుంతలోకి దిగాయి. కింది అర తడవలేదు. పంపు దానంతటదే ఆగింది. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ నిశ్శబ్దంలో బొంగరానికి కొత్త గుబులు పట్టుకుంది. ఫోన్ తీశాడు.

"పిన్నిగారూ, పంపు మెకానిక్‌నండీ. పోయిన నెల మీ ఇంట్లో... ఆ, తిరుగుతోందని తెలుసు. నీళ్లు పోతున్నాయా?"

"ఎక్కడ నాయనా! నువ్వెళ్లిన దగ్గర్నించీ అలాగే ఉన్నాయి."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నోరు తెరిచేలోపు నువ్వు వీధి మలుపు తిరిగావుగా."